చల్లారేదాకా

ఆ రోజు పొద్దున్న ఆకాశం విరిగిన పాలలా ఉంది. ఎక్కడికక్కడ తెల్లటి గడ్డలు, మధ్యమధ్య నీరుకారిన నీలం. కురిసే మబ్బు కాదు, విడిపోయే మబ్బూ కాదు. వంటింటి కిటికీలోంచి దాన్ని ఒకసారి చూసి, కత్తెరమ్మ కూతురి చేతికట్టు విప్పడం మొదలుపెట్టింది.

లోపలి చుట్టు పుండుకు అంటుకుపోయింది. గోరువెచ్చటి నీళ్లతో తడిపి, ఆగి, మళ్లీ తడిపింది. పదో తరగతి చదివే పిట్ట గోడవైపు తిరిగి పళ్లు బిగబట్టుకుని కూర్చుంది. మొన్న బడి ప్రయోగశాలలో గాజు గొట్టం పేలి ఆ పిల్ల కుడి చెయ్యి కాలింది. అరచెయ్యంతా పొక్కింది. బొటనవేలి మొదట్లో గాజు దిగినచోట కుట్లు పడ్డాయి.

"నొప్పిగా ఉందా?"

"నువ్వు అడగకపోతే తక్కువగా ఉంటుంది."

తల్లి ఇంకోసారి తడిపి చివరి చుట్టు విప్పింది.

మేడమెట్లు దిగి మరిది వచ్చాడు. లోకంలో పిల్లలకు అతను మెరుపు సార్. ఎంత పాఠమైనా చిటికెలో చెప్పేస్తాడని ఆ పేరు. మేడమీద గదిలో నిలబడి అతను చెప్పే వీడియోలు లక్షలమంది చూస్తారు. పాఠం రాసిచ్చేది అన్న. చెప్పేది తమ్ముడు. తీసినదాన్ని కోసి, అతికి, పైకి పంపేది వదిన. అందుకే ఆమె కత్తెరమ్మ అయింది. మొదట మరిది వేళాకోళానికి అన్నాడు. తర్వాత అత్తగారు అందుకుంది. చివరికి కట్టుకున్నవాడు కూడా అలాగే పిలుస్తున్నాడు. వీడియోల కింద పిల్లలు అడిగే ప్రశ్నలకు జవాబులు రాసే పని పిట్టది. ఛానల్‌కు తాళంలాంటి పాస్‌వర్డు ఆ పిల్ల ఫోనులోనూ ఉంటుంది. ఇంటిల్లిపాదీ ఆ ఒక్క బండినే లాగుతున్నారు.

మరిది పొద్దున్నే మొహానికి పౌడరు అద్దుకున్నాడు. చెవుల వెనక మాత్రం అసలు రంగు తెలుస్తోంది. విప్పిన కట్టు వదిన చేతిలో చూసి, "అది పారెయ్యకు వదినా," అన్నాడు.

"ఎందుకు?"

"సాయంత్రం తీసేటప్పుడు అదే కడదాం. కొత్తది మరీ తెల్లగా ఉంటుంది. దెబ్బ తగిలినట్టే ఉండదు."

కత్తెరమ్మ చేతిలో గుడ్డవైపు చూసింది. పసుపుపచ్చటి మరక, దాని అంచు గోధుమరంగుకు తిరిగింది. అది తన కూతురి ఒంట్లోంచి కారిన రసి. లేచి వెళ్లి దాన్ని చెత్తబుట్టలో పడేసి, పొయ్యి పక్కన గిన్నెలో ఉన్న టీ పిప్పి మొత్తం దానిమీద కుమ్మరించింది.

మరిదికి కోపం రాలేదు. అతనికి ఇంట్లో ఎప్పుడూ కోపం రాదు. "సరేలే, పైన కాస్త మందు పూద్దాం. రంగు అదే వస్తుంది," అన్నాడు.

కుర్చీ లాక్కుని కూర్చుని, జరగవలసింది విడమరిచి చెప్పాడు. విడమరచడం అతనికి అలవాటే.

ప్రయోగం చాలా చిన్నది. నీలంగా ఉండే మైలతుత్తం పలుకులు గాజు గొట్టంలో వేసి దీపం మీద కాలిస్తే తెల్లబడతాయి. గొట్టం బాగా చల్లారాక నాలుగు చుక్కలు నీళ్లు వేస్తే మళ్లీ నీలం తిరుగుతుంది. మెరుపు సార్ వీడియోలో ఆ చల్లారడం లేదు. నీలం, తెలుపు, నీటి చుక్క, మళ్లీ నీలం. కళ్లు మూసి తెరిచేలోపు అయిపోతుంది. పిట్ట బళ్లో అలాగే చేసింది. సెగలు కక్కుతున్న గాజులో నీళ్లు పడగానే గొట్టం పేలి, ఆవిరీ పెంకులూ కలిసి చేతిమీద పడ్డాయి. పక్క బల్ల పిల్లలెవరో ఆ సంగతి వీడియో కిందే రాశారు. మెరుపు సార్ చూపించినట్టే చేసింది, చెయ్యి కాలింది అని. తెల్లారేసరికి ఆ మాట కింద చాంతాడంత మాటలు చేరాయి.

దానికి అతని మందు ఇది. సాయంత్రం పిట్ట కెమెరా ముందు కూర్చుని, చల్లారనివ్వాలని మా బళ్లో టీచరు చెప్పలేదు అంటుంది. ఆ వెంటనే మెరుపు సార్ తన నోటితో చల్లారనివ్వాలని చెప్పిన ముక్క వస్తుంది. ఆ ముక్క కోతలో పోయింది గానీ, తీసిన రోజుది తీసినట్టు కంప్యూటర్లో ఉంది. పాత వీడియో కనపడకుండా తీసేస్తారు.

"పాతదాంట్లో ఆ ముక్క లేదని చూసినవాళ్లకు తెలియదా?" అంది ఆమె.

"వదినా, వాళ్లు పాఠమే గుర్తుపెట్టుకోరు. ఇది గుర్తుపెట్టుకుంటారా?"

బాధపడుతూ అన్నమాట కాదది. అంగడివాడు తన సరుకు ఎన్నాళ్లకు పుచ్చుతుందో చెప్పినట్టు చెప్పాడు.

పిట్ట గోడవైపు నుంచి తల తిప్పకుండానే, "టీచర్ చెప్పారు బాబాయ్. ఆగమన్నారు," అంది.

అతను లేచి వచ్చి ఆ పిల్ల జడ భుజం మీదికి సర్దాడు. "నీకు సరిగా గుర్తులేదు తల్లీ. దెబ్బ తగిలినప్పుడు అందరికీ అలాగే ఉంటుంది," అని బుజ్జగించి మేడెక్కిపోయాడు.

అతని పౌడరు పిల్ల భుజం మీద కొంచెం రాలింది. తల్లి దులిపేసింది. దులిపాక తన చెయ్యి కూడా కడుక్కుంది.

ముందుగదిలో భర్త బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాడు. ఆయన్ని అందరూ మేష్టారనే అంటారు. తమ్ముడి పాఠాలు రాయడానికి బడి ఉద్యోగం వదిలేసి చాలా కాలమైనా ఆ పిలుపు పోలేదు. ఏం రాస్తున్నారని ఆమె అడిగితే, కళ్లజోడు సర్దుకుని తరగతిలో చదివినట్టు చదివాడు.

"'నేను పదో తరగతి చదువుతున్నాను. మా బళ్లో ప్రయోగాలు చేయిస్తారు గానీ ముందుజాగ్రత్తలు చెప్పరు.' ఇంకా పూర్తి కాలేదు."

"ఇవి మీ కూతురి మాటలా?"

"దాని మాటల్లాగే ఉండాలని చూస్తున్నా. 'ముందుజాగ్రత్తలు' పెద్దమాట అయిపోయిందంటావా?"

ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఎగతాళి కాదు. నిజంగానే అడుగుతున్నాడు.

పెళ్లయిన కొత్తల్లో ఒకసారి ఆమె ఆయనకు అన్నం పట్టుకుని బడికి వెళ్లింది. ప్రయోగశాల కిటికీ పక్కన నిలబడి చూసింది. మధ్యన బల్లమీద ఇదే గొట్టం, ఇదే మైలతుత్తం. చుట్టూ పిల్లలు. ఈయన చేతిగడియారం విప్పి బల్లమీద పెట్టి, చల్లారేదాకా ఎవరూ మాట్లాడొద్దు, ఊరికే చూడండి అన్నాడు. ఒకడికి తుమ్ము వచ్చింది. ఇంకొకడు కాళ్లు మార్చుకున్నాడు. అయినా అందరూ చూస్తూనే ఉన్నారు. అన్నం చల్లారిపోయింది గానీ, ఆ గది వదిలి రాబుద్ధి కాలేదు ఆమెకు. ఆ మనిషి కోసమే ఈ ఇంట్లో సర్దుకుపోవచ్చనుకుంది.

ఆ మనిషి ఇప్పుడు 'ముందుజాగ్రత్తలు' కొట్టేసి 'జాగ్రత్తలు' అని రాసుకుంటున్నాడు.

"వద్దని మీ తమ్ముడికి ఒక్క మాట చెప్పలేరా?"

మేష్టారు నీళ్లు నమిలాడు. వాడికి పేరుపోతే మనందరికీ పోయినట్టే అన్నాడు. నాలుగు రోజులు పోతే అందరూ మరిచిపోతారన్నాడు. చివరికి, చల్లారాలనే మాట తను రాసిచ్చిన పాఠంలో ఉందనీ, కోసింది తను కాదనీ గొణిగాడు. గొణిగాక భార్యవైపు చూడలేదు.

గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్న అత్తగారు అందుకుంది. "ఎందుకమ్మాయ్ అంత రాద్ధాంతం? చెయ్యి కాలిందా లేదా? కాలింది. అది నిజమేగా. ఎవరివల్ల కాలిందనేది పెద్దవాళ్లు చూసుకుంటారు."

ఆ పైన ఆవిడ చిన్నకొడుకు ముచ్చట్లు తీసింది. చిన్నప్పుడు పాఠం అప్పజెప్పమంటే బల్ల కింద దూరేవాడట. బెత్తం పట్టుకుని బడిపంతులు బల్ల చుట్టూ తిరిగేవాడట. అటువంటివాడు లోకానికి చదువు చెబుతున్నాడని మురిసిపోయింది. కత్తెరమ్మకు ఎప్పుడూ నవ్వొచ్చే కథే అది. ఈ రోజు రాలేదు.

ఆమె మేడమీదికి వెళ్లింది. మరిది బయటికెళ్లాడు. గదిలో ఒక గోడకు ఆకుపచ్చ గుడ్డ, దాని ఎదురుగా బండిచక్రమంత గుండ్రటి దీపం. తలుపులు తీయరు కాబట్టి ఎప్పుడూ పౌడరు వాసనా, చెమట వాసనా. కంప్యూటర్ తెరిచి, మైలతుత్తం పాఠం కొయ్యకముందుది మొదటినుంచి పెట్టింది.

ఆ మొహం ఆమెకు తెలిసినంతగా కన్నతల్లికి కూడా తెలియదు. ఆపినచోటల్లా అది సగం తెరిచిన నోటితో ఆగుతుంది. నాలుక పైపంటికి ఆని ఉంటుంది. పెదవి చివర తడి మెరుస్తుంటుంది. మాటకీ మాటకీ మధ్య అతను ఉమ్మి మింగే చప్పుడు ఆమె చెవులకు తెలుసు. ఆ మింగడాలన్నీ ఏరి కోసేస్తుంది. ఊపిరి పీల్చే చప్పుడు కోసేస్తుంది. తడబాటు, ఆలోచన, కిటికీవైపు చూడటం, అన్నీ కోసేస్తుంది. కోసినవన్నీ పోగా మిగిలినవాడు మెరుపు సార్.

చెయ్యి కదలనిచోట కొయ్యి వదినా, అని అతను మొదటిరోజే చెప్పాడు. చెయ్యి ఆగితే పిల్లలు జారిపోతారు. అందుకే అతను ప్రత్యక్షంగా ఎప్పుడూ కనపడడు. లైవ్ పెట్టండి సార్ అని పిల్లలు రోజూ అడుగుతారు. పిట్ట ఏదో సాకు రాస్తుంటుంది. లైవ్‌లో కత్తెర ఆడదు. ఆ మాటంటేనే అతనికి వణుకు.

తెరమీద దీపం ఆరింది. గొట్టాన్ని స్టాండులో పెట్టి, అతను చేతులు దించేశాడు.

"ఇప్పుడిది చల్లారాలి. వేలు దగ్గర పెడితే వేడి తగలకూడదు. తొందరపడితే గాజు పగిలిపోతుంది."

ఆ మాట అంటూనే చంక గోక్కున్నాడు. ముక్కు తుడుచుకున్నాడు. తర్వాత చాలాసేపు ఏదో పాట కూనిరాగం తీస్తూ గొట్టంవైపు చూస్తూ నిలబడ్డాడు. గోకుడుతో పాటే మాటా ఉంది. మాటను విడిగా తీయడం కుదరక ఆమె ఆ ముక్క మొత్తం తీసేసింది. తీసేశాక ఎంత అందంగా వచ్చిందో ఆమెకు ఇంకా గుర్తుంది. వీపు తట్టినంత పని చేశాడు మరిది. ఆ రోజు ఆమె సంతోషంగా అన్నం తింది.

ఆ సంతోషం ఇప్పుడు నోట్లో కుళ్లిన కాయ కొరికినట్టుంది. ఆమె తెర మూసేసింది.

మధ్యాహ్నం ఎండలో టీచరు వచ్చింది. పిట్టకు సైన్సు చెప్పే మనిషి. చెప్పులు విడిచి లోపలికి వస్తూనే, పలకరింపులేవీ లేకుండా పిల్ల మంచం పక్కన కూర్చుంది. చెయ్యి చూపించమంది. కట్టు చివర బయటికి వచ్చిన వేళ్లను ముట్టుకోకుండా, దగ్గరగా వంగి చూసింది.

"నిన్ను తిడదామని వచ్చాను. ఇది చూశాక తిట్టబుద్ధి కావడం లేదు."

కత్తెరమ్మ మంచినీళ్లు తెచ్చింది. టీచరు నెమ్మదిగా తాగింది. ఆవిడ ఏ పనైనా నెమ్మదిగానే చేస్తుంది. మాటకీ మాటకీ మధ్య ఆగుతుంది. కోసే అలవాటుతో కత్తెరమ్మ ఆ ఆగినచోట్లను లెక్కపెట్టబోయి, సిగ్గుపడింది.

"మీ అమ్మాయితో రోజూ యుద్ధమే నాకు," అంది టీచరు. "నోరు తెరిస్తే చాలు, మా బాబాయి దీన్ని నిమిషంలో చెప్పేస్తాడంటుంది. నేను చెబుతుంటే గాలిలో వేలితో ఇలా ఇలా తోస్తుంది. నన్ను వీడియోలా ముందుకు జరపడానికి. చూసి పిల్లలంతా నవ్వుతారు. నిజం చెప్పొద్దూ, ఒకసారి నాకూ నవ్వొచ్చింది."

పిట్ట మొహం ఎర్రబడింది. ఎడమచేత్తో దుప్పటి అంచు నలిపింది.

టీచరు వచ్చిన పని చెప్పింది. ప్రయోగశాల తాళాలు ఆవిడ దగ్గర్నుంచి తీసేసుకున్నారు. ఆగమని పిల్లలకు ఎందుకు చెప్పలేదో సంజాయిషీ ఇవ్వమన్నారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. "గొట్టం పేలినప్పుడు నేను వెనకబల్ల దగ్గర ఉన్నాను. ఆగమని కూచున్నచోటు నుంచే కేకేసి ఊరుకున్నాను. లేచి రావలసింది. అది నా తప్పంటే ఒప్పుకుంటాను. ఆగమని చెప్పలేదంటే మాత్రం ఒప్పుకోను."

"చెప్పారు టీచర్," అంది పిట్ట. "నాకు వినపడింది."

"వినపడితే మరి ఎందుకాగలేదు?"

పిల్ల దుప్పటి అంచు వదిలేసింది. తర్వాత కట్టుకేసి చూసుకుంటూ చెప్పింది.

"బాబాయి ఆగలేదు కదా టీచర్. మీకు చేతకాక ఆపుతున్నారనుకున్నా."

టీచరు మంచినీళ్ల గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకుంది. కత్తెరమ్మ గోడకు ఆనుకుంది. ఆ మాట ఎవరు నేర్పారో ఎవరూ అడగలేదు.

అంతలో మరిది వచ్చాడు. టీచరును చూసి చేతులు జోడించి, ఎంతో మర్యాదగా యోగక్షేమాలు అడిగాడు. మీలాంటివాళ్లు ఉండబట్టే మాలాంటివాళ్లకు చెప్పుకోవడానికి ఏదో ఉందన్నాడు. తర్వాత ఒక కుర్చీ దగ్గరికి లాక్కుని, "సాయంత్రం మేమొక వీడియో తీస్తున్నాం టీచరుగారూ. మీరూ రెండు మాటలు చెప్పండి. జరిగినదానికి విచారిస్తున్నాననో, ఇకముందు చూసుకుంటాననో. మీకూ మంచిదే. జనం జాలిపడతారు," అన్నాడు.

టీచరు గ్లాసు కింద పెట్టింది.

"నేను నెమ్మదిగా మాట్లాడతాను బాబూ. మీకు పనికిరాను."

లేచి వెళ్లిపోతూ గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని, కత్తెరమ్మను చూసి ఒక్క మాట అంది. "మీ పిల్లను సంతకం పెట్టమని గానీ, సాక్ష్యం చెప్పమని గానీ నేను అడగను. అబద్ధం చెప్పించకండి. అంతే."

ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా మరిది నవ్వుతూ చెయ్యి ఊపాడు. తర్వాత లోపలికి తిరిగి, "పాతకాలపు మనిషి," అని చెప్పి పౌడరు అద్దుకోవడానికి వెళ్లాడు.

పొద్దు వాలుతుండగా పిట్టను మేడమీద ఆకుపచ్చ గుడ్డ ముందు కూర్చోబెట్టారు. మందు పూసి కట్టుమీద పసుపు మరక మరిదే స్వయంగా చేశాడు. రెండడుగులు వెనక్కి వెళ్లి, తల వంచి చూసి, ఇంకొంచెం పూశాడు. బొమ్మకు రంగేసేవాడిలా శ్రద్ధగా పూశాడు. మేష్టారు కాగితం పట్టుకుని కెమెరా పక్కన నిలబడ్డాడు. కెమెరా వెనక కత్తెరమ్మ. అత్తగారు మెట్లమీద చతికిలబడి తొంగిచూస్తోంది.

గుండ్రటి దీపం వెలిగింది. పిల్ల రెండు కళ్లలోనూ రెండు తెల్లటి చక్రాలు పడ్డాయి.

"మొదలుపెట్టు తల్లీ," అన్నాడు బాబాయి.

పిట్ట కాగితంవైపు చూడలేదు. కెమెరా మీదుగా తల్లిని చూసింది. "అమ్మా, నేను చెప్పిందంతా ఉంచుతావా?"

కత్తెరమ్మ కెమెరా మీదున్న తన చెయ్యి చూసుకుంది. తన వేళ్లు ఇన్నాళ్లూ చేసిన పని ఆమెకు తెలుసు. ఉంచుతానని నోటిచివరి దాకా వచ్చింది. ఆ మాట ఈ గదిలో తను ఎప్పుడూ నిలబెట్టుకోలేదు.

"కొయ్యవు కదా?" అని మళ్లీ అడిగింది పిల్ల.

"అదంతా తర్వాత చూద్దాం," అన్నాడు మరిది.

పిట్ట నోరు మూసుకుంది. ఇక తెరవలేదు. మేష్టారు కాగితం ఎత్తి చూపించాడు, మొదటి మాట అందించాడు, రెండోసారి అందించాడు. పిల్ల అలాగే కూర్చుంది. గదిలో దీపం సన్నగా గుంయ్‌మనడం వినపడింది. మెట్లమీద అత్తగారు దగ్గింది. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగి, దీపం వేడికి అక్కడే ఎండిపోయాయి.

మరిది విసుక్కుంటాడేమో అనుకుంది కత్తెరమ్మ. అతను కెమెరా చిన్న తెరలోకి వంగి చూసి, మెల్లిగా తల ఆడించాడు.

"బాగుంది. ఇంకా బాగుంది. ఏడవకుండా అలా కూర్చోవడం అందరికీ రాదు. ఇది ఉంచి పైన నా గొంతు పెడదాం. జరిగింది చెప్పుకోలేక ఈ పిల్ల మౌనంగా ఉంది, దీని తరఫున నేను చెబుతున్నా అని."

"దాని నోట్లో నీ మాట పెడతావా?" అంది కత్తెరమ్మ.

"నోట్లో కాదు వదినా. పైన."

ఆమె చెయ్యి చాచి దీపం ఆర్పేసింది. చీకట్లో అందరి మొహాలూ ఒక్క క్షణం బూడిదరంగుకు తిరిగాయి.

"నేను కొయ్యను. ఇదొక్కటే కాదు. ఇక నీవి ఏవీ కొయ్యను."

మేష్టారు కాగితం మడతపెట్టాడు. మరిది కెమెరాలోంచి చిన్న చిప్పు తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. అప్పటికీ అతనికి కోపం రాలేదు.

"నీ ఇష్టం వదినా. కోసేవాళ్లకేం కరువు. వీధికొకడున్నాడు. వీడియోలు చూసి నేర్చుకుంటున్నారు. రేపు పొద్దుటికల్లా ఎవడో ఒకడు చేసిస్తాడు."

పిట్ట కుర్చీలోంచి లేచింది. ఎడమచేత్తో బల్లమీది తన ఫోను తీసుకుని అందరికన్నా ముందు మెట్లు దిగిపోయింది.

దీపాలు పెట్టే వేళకు అందరూ భోజనాల బల్ల చుట్టూ చేరారు. ఎంత గొడవైనా తిండి మాత్రం కలిసే తినాలని అత్తగారి పట్టు. కత్తెరమ్మ వడ్డించింది. అన్నంలోంచి ఆవిరి లేస్తోంది. పిట్ట తినిపించొద్దని, చెంచా అడిగి తీసుకుంది. కంచం పక్కన కట్టుచేతిని జాగ్రత్తగా పెట్టుకుంది. మరక పడిన వైపు కిందికి, శుభ్రంగా ఉన్న వైపు పైకి.

మొదటి ముద్ద ఎత్తబోతుండగా మరిది జేబులో ఫోను గుర్రుమంది. పట్టించుకోలేదు. మళ్లీ గుర్రుమంది. ఆ తర్వాత ఆగకుండా, చచ్చే ఈగలా కొట్టుకుంటూనే ఉంది. ఎడమచేత్తో తీసి ఒడిలో పెట్టుకుని చూశాడు.

అతని మొహం మీద పౌడరు ఉన్నట్టే ఉంది. దాని కింది రంగు పోయింది.

కత్తెరమ్మ అతని ఒడిలోకి చూసింది. ఆ చిన్న తెరలో ఇదే బల్ల, ఇవే కంచాలు, ముద్ద ఎత్తబోతున్న మెరుపు సార్. ఒక క్షణం వెనగ్గా కదులుతున్నాడు. పైన ఎర్రటి లైవ్ గుర్తు. పక్కన చూసేవాళ్ల సంఖ్య ఎక్కుతూ పోతోంది.

ఆమె తల ఎత్తింది. బల్ల మధ్యలో మంచినీళ్ల జగ్గుకు ఆనించి పిట్ట ఫోను నిలబడి ఉంది.

ఎంత బాగా పెట్టిందో ముందుగా ఆమె కళ్లకు అదే తట్టింది. వెలుతురు ఎడమనుంచి. కట్టుచెయ్యి సరిగ్గా మధ్యన. ఎవరి తలా తెగలేదు. ఎవరూ కూర్చోబెట్టి చెప్పకుండానే పిల్ల అంతా నేర్చుకుంది, ఈ ఇంట్లోనే నేర్చుకుంది. ఆమెకు గర్వం కలగలేదు. పొద్దున్న మరక చూసినప్పటి రోతే మళ్లీ కలిగింది. అయినా చూపు తిప్పుకోలేకపోయింది.

మరిది చెయ్యి ఫోనువైపు కొంచెం కదిలి, ఆగింది. కాలిన చేతి పిల్ల ముందునుంచి ఫోను లాక్కునే మెరుపు సార్‌ను లక్షలమంది చూస్తారు. ఆ చెయ్యి వెనక్కి వచ్చి ముద్ద కలుపుకుంది. అతని మూతి మీద నవ్వు వచ్చింది. దాన్ని అలాగే పట్టుకుని నమిలాడు, మింగాడు. మింగిన చప్పుడు అందరికీ వినపడింది.

మేష్టారు చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, తల దించుకుని తినసాగాడు. ఎందుకిలా బిగుసుకుపోయారని అత్తగారు నోరు తెరవబోతే, చిన్నకొడుకు బల్ల కింద ఆవిడ మోకాలు నొక్కాడు. ఆవిడకు ఏమీ అర్థం కాలేదు. కానీ నోరు మూసుకుంది.

పిట్ట చెంచా అన్నంలో గుచ్చి, పెదవి దగ్గరికి తెచ్చి, వేడి తగిలి దించేసింది. చల్లారేదాకా ఆగింది. తొందరపడలేదు. కెమెరావైపు చూడలేదు. తర్వాత ఎడమచేత్తో వంకరటింకరగా కొంచెం కొంచెం తినసాగింది. అందరూ తిన్నారు. కంచాల చప్పుడు, నమిలే చప్పుడు, గొంతులో ముద్ద దిగే చప్పుడు. ఏ ఒక్కటీ కోతలో పోకుండా బయటికి వెళుతున్నాయి.

అత్తగారికి పొలమారింది. మంచినీళ్ల కోసం ఆవిడ చెయ్యి జగ్గువైపు సాగింది.

మరిది ఆ చేతివైపే ఆశగా చూశాడు.

కత్తెరమ్మ తన గ్లాసు తీసి అత్తగారి చేతిలో పెట్టింది. జగ్గు ఉన్నచోటే ఉంది.

పిట్ట ఆఖరి ముద్ద తిని, చెంచా కంచంలో ఆనించి, మూతి తుడుచుకుంది.